థ్రెడ్ మీద బర్ రాకుండా ఉండాలంటే థ్రెడ్ టూల్ తగలకముందే చూసుకోవాలి

లేత్ మీద థ్రెడ్ (మర) కొట్టాక జాబ్ మీద, అంటే మనం కోస్తున్న ముక్క మీద, వేలు పెడితే చిన్న రంపం పళ్ళలా గుచ్చుకుంటది కదా, ఆ బర్ గురించే ఈ పోస్ట్. బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న షెడ్లలో పనిచేసే ఏ టర్నర్‌ని అడిగినా రోజూ ఉండే పనే అంటాడు, థ్రెడ్ అయిపోయాక ఆకురాయి తీసుకుని నాలుగు రుద్దులు రుద్దడం, ఎమెరీ పేపర్ వెయ్యడం, బ్రష్ కొట్టడం, జాబ్ పంపించెయ్యడం. బర్ తీసే పద్ధతులు అందరికీ వచ్చు. కానీ అది అసలు రాకుండా, లేదా వచ్చినా గోటితో పోయేంత సన్నగా ఉండేలా చెయ్యొచ్చని, అందులో ఎక్కువ భాగం థ్రెడ్ టూల్ జాబ్‌కి తగలకముందే తేలిపోతదని చాలామంది పట్టించుకోరు. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేసి కొత్తగా షాప్‌లోకి వచ్చే తమ్ముళ్ళ కోసం ముఖ్యంగా రాస్తున్నా.

లెక్కలు గాల్లో చెప్తే అర్థం కాదు కాబట్టి ఒకే జాబ్ పట్టుకుందాం, ఎం 20 × 2.5 స్టడ్ (20 మి.మీ. డయా, పన్ను నుంచి పన్నుకి దూరం అంటే పిచ్ 2.5 మి.మీ.), ఈఎన్ 8 మెటీరియల్ (మధ్యరకం కార్బన్ స్టీల్), 6జి టాలరెన్స్ (బయటి థ్రెడ్‌కి మామూలుగా వాడే తరగతి), మామూలు సెంటర్ లేత్, హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్. మన షాపుల్లో ఎక్కువ వచ్చేది ఇలాంటిదే.

ముందు అసలు నష్టం ఎక్కడో చెప్తా. బర్ వల్ల చెయ్యి తెగుతదని, చూడ్డానికి బాగోదని అనుకుంటాం, అది చిన్న విషయం. పెద్ద నష్టం గేజ్ దగ్గర జరుగుతది. తమ్ముడు థ్రెడ్ కొట్టి గో రింగ్ గేజ్ (సైజ్ సరిపోతే ఎక్కాల్సిన గేజ్) పెడతాడు, ఎక్కదు. "అన్నా గేజ్ ఎక్కట్లేదు, ఇంకో యాభై మైక్రాన్లు వెయ్యనా?" అంటాడు. నిజానికి థ్రెడ్ సైజ్‌కి వచ్చేసి ఉండొచ్చు, గేజ్‌ని ఆపుతున్నది మొదటి పన్ను మీదున్న బర్ అయ్యుండొచ్చు. టూల్‌ని జాబ్‌లోకి నడిపే క్రాస్ స్లైడ్‌లో 0.05 వేస్తే పిచ్ డయా (పన్నూ గాడీ సమాన వెడల్పుగా ఉండే చోట డయా) 0.10 తగ్గుతది. ఈ జాబ్‌కి 6జి ప్రకారం పిచ్ డయా 18.334 నుంచి 18.164 దాకా ఉండొచ్చు, అంటే మొత్తం మన చేతిలో ఉన్నది 0.170 మాత్రమే. బర్‌ని ఓడించడానికి రెండుసార్లు యాభై మైక్రాన్లు వేస్తే 0.20 పోయినట్టే, టాలరెన్స్ మొత్తం దాటేశాం. అప్పుడు గో గేజ్ ఎక్కుతది, ఎక్కకూడని నో గో గేజ్ కూడా ఎక్కేస్తది, స్టడ్ లూజ్ అయిపోతది, దాన్ని ఇక ఎవరూ బాగుచెయ్యలేరు. బర్ ఉన్న జాబ్‌ని ఆకురాయితో బాగుచెయ్యొచ్చు గానీ బర్‌ని చూసి లోతు పెంచిన జాబ్ నేరుగా స్క్రాప్‌కే, అందుకే ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల.

అనుమానం వచ్చినప్పుడు మూడు తీగల పద్ధతి ఉంది. 2.5 పిచ్‌కి సరిగ్గా సరిపోయే తీగ 1.443 మి.మీ., ఆ తీగలు పెట్టి మైక్రోమీటర్‌తో కొలిస్తే 20.329 నుంచి 20.499 మధ్య రావాలి. మీ సెట్‌లో వేరే సైజ్ తీగ ఉంటే పిచ్ డయాకి మూడు తీగల మందం కలిపి, అందులోంచి 0.866 ఇంటూ పిచ్ తీసెయ్యండి, మీ తీగకి ఎంత రావాలో తెలుస్తది. ఇందులో ఉన్న మేలు ఏంటంటే తీగలు పన్ను పక్క గోడల మధ్యలో కూర్చుంటాయి, మైక్రోమీటర్ తీగల మీద ఆగుతది, పన్ను కొన మీదున్న బర్‌కి ఈ కొలతతో సంబంధమే లేదు. గేజ్ ఎక్కట్లేదు, తీగల మీద కొలత బాగానే ఉంది అంటే ముందు చూడాల్సింది బర్‌నే.

సరే, ఇది ఎక్కడి నుంచి వస్తది? మనం వాడే వి టూల్ రెండు పక్క గోడల్ని కోస్తది, అడుగుని కోస్తది, పన్ను కొనని మాత్రం ముట్టుకోదు. కొన అంటే ముందు టర్నింగ్ చేసిన ఓడీనే (బయటి డయా). టూల్ గాడిలోకి దిగుతున్న కొద్దీ మెటల్ అంతా చిప్‌గా పోదు, కొంత పక్కకి పైకి నలిగి కొన దగ్గర ఉబ్బుతది, అక్కడ దాన్ని ఆపడానికి ఎదురుగా మెటల్ లేదు, కోసే టూల్ కూడా లేదు, అందుకని పెదవిలా బయటికి మిగిలిపోతది. మెటీరియల్ ఎంత మెత్తగా సాగేదైతే అంత ఎక్కువ.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలనిపిస్తుంది. 1841లో ఇంగ్లండ్‌లో విట్‌వర్త్ పెట్టిన థ్రెడ్ 55 డిగ్రీలు, కొన అడుగు రెండూ గుండ్రం, మనం పైపులకి వాడే బీఎస్‌పీ ఇప్పటికీ ఆ రూపమే. కొనని గుండ్రంగా చెయ్యాలంటే కొన మీదికి కూడా టూల్ రావాలి కాబట్టి అక్కడ బర్ నిలవదు. కానీ చెయ్యడం కష్టం. 1864లో అమెరికాలో సెల్లర్స్ 60 డిగ్రీల థ్రెడ్ ముందుకు తెచ్చి, కొనని చదునుగా వదిలెయ్యండి, మామూలు టర్నర్ మామూలు టూల్‌తో చేసుకోగలడు అన్నాడు. మన మెట్రిక్ థ్రెడ్ కూడా ఆ దారిలోదే. చదును కొన అంటే ఓడీని అలాగే వదిలెయ్యడం, అంటే టూల్ అటు రాదు, అంటే అక్కడ బర్ మిగులుతది. పని సులువైనందుకు మనం కడుతున్న ఖరీదు అది అని నాకు అనిపిస్తది.

కాబట్టి మొదటి విషయం ఓడీ. ఎం 20 అన్నారు కదా అని చాలామంది 20.00కి టర్నింగ్ చేస్తారు, ఫినిష్ బాగుండాలని 19.98 కూడా పెడతారు. 6జి ప్రకారం ఎం 20 × 2.5 ఓడీ 19.958 మించకూడదు, కింద 19.623 దాకా పోవచ్చు. అంటే 20.00 అనేది బర్ రాకముందే తప్పు. నేను ఈఎన్ 8కి 19.80 దగ్గర పెడతాను. థ్రెడ్ కొట్టాక కొన కొంచెం ఉబ్బినా ఇంకా టాలరెన్స్ లోపలే ఉంటది, గేజ్ అడుగుని కొన రాయదు. ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) అయితే ఉబ్బు ఎక్కువ కాబట్టి 19.75 దగ్గర. దీనివల్ల స్టడ్ బలం తగ్గుతదని భయపడేవాళ్ళకి చెప్తున్నా, బోల్ట్ బలం అడుగు డయా, పిచ్ డయా మీద ఆధారపడేది, కొన మీద ఈ పది ఇరవై పాయింట్లు (ఒక పాయింట్ అంటే 0.01 మి.మీ.) టాలరెన్స్‌లో ఉన్నంతవరకు ఏమీ కాదు.

ఇంకో మాట, ఆ ఓడీ ఫినిష్ కూడా బాగుండాలి. గరుకుగా చింపిన ఓడీ మీద థ్రెడ్ కొడితే కొనలన్నీ ముందే చిరిగి ఉంటాయి.

రెండోది చాంఫర్. థ్రెడ్ మొదలయ్యే చోట ఎడ్జ్ 45 డిగ్రీలు కొట్టాలి, ఇది అందరూ కొడతారు, కానీ ఎంత? ఏదో ఒక మిల్లీమీటర్ కనబడేలా కొట్టేసి వదిలేస్తారు. ఈ థ్రెడ్ అడుగు డయా 16.93 దగ్గర ఉంటది, కాబట్టి చాంఫర్ చిన్న వైపు డయా 16.5 దాకా రావాలి, అంటే పక్కకి దాదాపు 1.65 మి.మీ. అంతకంటే తక్కువ పెడితే టూల్ మొదటి చుట్టులో జాబ్ ఫేస్ మీదే గాడి పెడతది, ఆ గాడి అంచు ఫేస్ వైపు తిరగబడి అక్కడ బర్ తయారవుతది, గేజ్‌ని ఆపేది చాలాసార్లు ఇదే. చాంఫర్ థ్రెడ్‌కి ముందే కొట్టాలి, తర్వాత కొడితే చాంఫర్ టూల్ మెటల్‌ని తీసుకెళ్ళి గాడిలోకి మడతపెడతది. ముందే కొట్టి, అంతా అయ్యాక మళ్ళీ ఒకసారి ఊరికే తాకించడం వేరే విషయం, అది మంచిదే.

థ్రెడ్ ఆగే చోట కూడా అంతే. అక్కడ అండర్‌కట్ గాడి ఇవ్వడానికి డ్రాయింగ్ ఒప్పుకుంటే తప్పకుండా ఇవ్వండి, గాడి డయా అడుగు డయా కంటే కొంచెం తక్కువ, రెండు అంచులూ ఏటవాలుగా. టూల్ మెటల్‌లోంచి ఖాళీలోకి బయటపడే ప్రతి చోటా బర్ వస్తది, ఎందుకంటే చివరి రవ్వ మెటల్‌కి వెనక ఆధారం లేక తెగకుండా వంగిపోతది. అంచు ఏటవాలుగా ఉంటే ఆ వంగే మెటల్ దాదాపు ఉండదు. బర్‌ల మీద పరిశోధన చేసిన గిలెస్పీ అనే అమెరికన్ ఇంజనీర్ 1970లలో బర్‌లని పుట్టే తీరుని బట్టి విడదీశాడు, నలిగి పక్కకి ఉబ్బేది ఒకటి, చివర వంగి దొర్లేది ఒకటి, చిరిగేది ఒకటి, ముక్క తెగి పడేటప్పుడు మిగిలేది ఒకటి. థ్రెడ్‌లో మొదటి మూడూ కనబడతాయి, కొన మీద ఉబ్బు, చివర్లో వంగుడు, టూల్ బాగోకపోతే పక్క గోడల మీద చిరుగు. ఏ రకం బర్ వచ్చిందో చూస్తే ఎక్కడ తేడా ఉందో సగం తెలిసిపోతది. కొనల మీద సన్నగా వరసగా అంతటా ఉంటే ఓడీ, ఫీడ్ చూడండి, గోడలు చిరిగి గరుకుగా ఉంటే టూల్, ఆయిల్ చూడండి, రెండు చివర్లలోనే ఉంటే చాంఫర్, అండర్‌కట్ చూడండి.

ఇక టూల్. దీని మీద ఎంత రాసినా తక్కువే. సాన మీద 60 డిగ్రీలు పట్టి, సెంటర్ గేజ్‌లో పెట్టి వెలుతురుకి చూసి బాగుంది అనుకుని నేరుగా టూల్ పోస్ట్‌లో బిగించేస్తారు. సాన మీద నుంచి వచ్చిన హెచ్‌ఎస్‌ఎస్ అంచుకే ఒక సన్నటి బర్ ఉంటది, కంటికి కనబడదు, గోరుకి తెలుస్తది. ఆ అంచుతో కోస్తే టూల్ మీదున్న గరుకంతా జాబ్ గోడల మీదికి దిగుతది. ఆయిల్ స్టోన్ తీసుకుని పైన చదును, రెండు పక్కలూ మెల్లగా నాలుగైదు సార్లు లాగండి, అంచు మెరవాలి. ముక్కు కూడా సూదిలా వదలకుండా స్టోన్ మీదే కొంచెం గుండ్రం చెయ్యాలి, 2.5 పిచ్‌కి 0.3 మి.మీ. దాటి కొద్దిగా ఉంటే అడుగు కూడా సరిగ్గా వస్తది, ముక్కు త్వరగా రాలదు.

పక్క క్లియరెన్స్ (టూల్ పక్క భాగం గోడని రాయకుండా పట్టే వాలు) గురించి షాపుల్లో అసలు మాట్లాడుకోరు. థ్రెడ్ అనేది ఏటవాలుగా పోయే దారి, ఎం 20 × 2.5కి ఆ వాలు దాదాపు 2.5 డిగ్రీలు. కుడి చేతి థ్రెడ్‌లో టూల్ చక్ వైపు పోతది కదా, దాని ఎడమ పక్క ఆ వాలుకి ఎదురుగా పోతది. రెండు పక్కలకీ ఒకేలా ఆరు డిగ్రీలు పడితే ఎడమ పక్క నిజంగా మిగిలేది మూడున్నరే, అంతకంటే తక్కువ పడితే మడమ గోడని రాస్తది, రాసిన చోట మెటల్ తెగదు, నలిగి కొనవైపు పాకుతది. అందుకే ఎడమ పక్క రెండున్నర మూడు డిగ్రీలు ఎక్కువ పట్టండి. పిచ్ పెద్దదై డయా చిన్నదైన కొద్దీ ఈ వాలు పెరుగుతది, టూ స్టార్ట్ థ్రెడ్ (రెండు గాళ్ళు పక్కపక్కన పోయేది) అయితే దాదాపు రెట్టింపు, అలాంటివి చేసేటప్పుడు ఇది పట్టించుకోకపోతే జాబ్ ఎంత పాలిష్ చేసినా బాగుపడదు. టూల్ ఎత్తు సరిగ్గా సెంటర్‌లో పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు, సెంటర్ కంటే పైకి పోతే ముందు క్లియరెన్స్ తగ్గి రాస్తది.

ఫీడ్ ఇచ్చే తీరు. క్రాస్ స్లైడ్‌తో నేరుగా లోపలికి వేస్తూ పోతే రెండు గోడలూ ఒకేసారి కోస్తాయి, రెండు వైపుల నుంచి వచ్చే చిప్ మధ్యలో గుద్దుకుని మడతపడి గాడిలోనే ఇరుక్కుంటది, వేడెక్కుతది, గోడల్ని చింపుతది. 1 పిచ్, 1.25 పిచ్ దాకా ఇది నడుస్తది. 2.5కి కాంపౌండ్ స్లైడ్‌ని (క్రాస్ స్లైడ్ మీద ఉండే, కోణానికి తిప్పుకోగల చిన్న స్లైడ్) 29 లేదా 29.5 డిగ్రీలకి తిప్పి దాంతో ఫీడ్ ఇవ్వండి, అప్పుడు ముందు గోడ మాత్రమే ఎక్కువ కోస్తది, చిప్ ఒక పక్కకి హాయిగా చుట్టుకుంటూ బయటికి వస్తది. సరిగ్గా 30 పెట్టకుండా అర డిగ్రీ తగ్గించడం ఎందుకంటే వెనక గోడని టూల్ ఊరికే రాయకుండా కొంచెం కొంచెం కోస్తూ రావాలి, లేకపోతే ఆ గోడ మీద మెట్లు పడతాయి. కాంపౌండ్ మీద డిగ్రీల గుర్తులు అన్ని లేత్‌ల మీద ఒకేలా ఉండవు, కొన్నింట్లో సున్నా బెడ్‌కి సమాంతరం, కొన్నింట్లో అడ్డం, అందుకని అంకె చూసి కాదు, స్లైడ్ ఎటు నడుస్తుందో చూసి పెట్టండి, అది క్రాస్ స్లైడ్ దారి నుంచి 29.5 ఉండాలి.

లోతు నామినల్ 20 నుంచి లెక్కేస్తే 0.6134 ఇంటూ పిచ్, అంటే 1.53 మి.మీ., కాంపౌండ్ మీద అయితే అది 1.76 అవుతది. మనం ఓడీ 19.80కి దించాం కాబట్టి టూల్ తాకిన చోటు నుంచి అందులో 0.10 తగ్గుతది. ముక్కు గుండ్రం కొంచెం అటూ ఇటూ ఉన్నా ఇది మారుతది, ఈ అంకె దగ్గరికి రావడానికే, చివరి నిర్ణయం తీగలదీ గేజ్‌దీ. మొదటి కట్ 0.25, తర్వాత 0.20, 0.15 ఇలా తగ్గించుకుంటూ రండి, ఎందుకంటే లోపలికి పోయిన కొద్దీ కోసే అంచు పొడవు పెరుగుతది, అదే 0.25 వేస్తూ పోతే చివర్లో టూల్ మీద పడే బరువు చాలా ఎక్కువ. చివరి రెండు కట్‌లు కాంపౌండ్ వదిలేసి క్రాస్ స్లైడ్‌తో నేరుగా 0.03 చొప్పున వెయ్యండి, రెండు గోడలూ శుభ్రం అవుతాయి. దానికంటే తక్కువ, ఒక పది మైక్రాన్లు, ఐదు మైక్రాన్లు వేస్తూ కూర్చుంటే టూల్ కొయ్యదు, మెటల్‌ని తోస్తది, బర్ పెరుగుతది. ఆఖర్న ఏమీ వెయ్యకుండా ఒక్క ఖాళీ పాస్ చాలు.

ఇప్పుడు నేను ప్రతి మంచి జాబ్‌కీ చేసేది చెప్తా, ఈ ఒక్కటి అలవాటు చేసుకున్నా చాలు. ఫైనల్ సైజ్‌కి ఇంకా ఐదు పాయింట్లు ఉందనగా ఆపి, పదునైన టర్నింగ్ టూల్‌ని తెచ్చి అదే 19.80 మీద, సన్న ఫీడ్‌తో ఓడీ అంతా ఒకసారి నడిపించండి. కొన మీద ఉబ్బిన పెదవి మొత్తం కోసుకుపోతది. కానీ అది కొంచెం గాడిలోకి వాలుతది, అందుకని మళ్ళీ థ్రెడ్ టూల్‌తో అదే దారిలో మిగిలిన చివరి కట్‌లు వెయ్యండి, గాడిలోకి వాలినది పోతది. ఈసారి పైకి లేచే బర్ ఎంత సన్నగా ఉంటదంటే వైర్ బ్రష్ తగిలితే రాలిపోతది. ఒక చిక్కు ఉంది, టూల్ మార్చితే మళ్ళీ గాడిలో సరిగ్గా పట్టుకోవాలి కదా, క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ ఉంటే ఇబ్బంది లేదు, నాలుగు పక్కల టూల్ పోస్ట్ అయితే రెండు టూల్స్ ముందే పక్కపక్కన బిగించి పెట్టుకుని, తిప్పినప్పుడు హాఫ్ నట్ (క్యారేజ్‌ని లెడ్ స్క్రూకి పట్టించే నట్) పట్టించి, స్పిండిల్‌ని చేత్తో తిప్పుతూ టూల్ గాడిలో రెండు గోడలకీ సమానంగా కూర్చుందా అని చూసుకోండి. ఇంచ్ లెడ్ స్క్రూ ఉన్న లేత్ మీద మెట్రిక్ థ్రెడ్ అయితే హాఫ్ నట్ వదలకుండా మోటార్ రివర్స్‌తోనే వెనక్కి రావాలని మర్చిపోకండి.

స్పీడ్ విషయంలో హెచ్‌ఎస్‌ఎస్‌తో 20 డయాకి 60 నుంచి 100 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి నాలుగు నుంచి ఆరు మీటర్లు. కార్బైడ్ ఇన్సర్ట్ కొని మాన్యువల్ లేత్ మీద ఇదే స్పీడ్‌లో కొట్టి, ఇంత ఖరీదు పెట్టినా ఫినిష్ రాలేదని బాధపడేవాళ్ళని చూశాను. కార్బైడ్‌కి నిమిషానికి 110 మీటర్లు కావాలంటే 20 డయా మీద 1750 ఆర్‌పీఎం, 2.5 పిచ్‌తో క్యారేజ్ నిమిషానికి 4375 మి.మీ., సెకనుకి 73 మి.మీ. పరిగెత్తాలి. షోల్డర్ దగ్గర చేత్తో ఎవరు ఆపగలరు? తక్కువ స్పీడ్‌లో కార్బైడ్ అంచు మీద మెటల్ అతుక్కుని, ఆ అతుక్కున్న ముద్దే కోస్తది, గోడలు చిరుగుతాయి. మాన్యువల్ లేత్ మీద బాగా పట్టిన హెచ్‌ఎస్‌ఎస్ టూల్, అందులో కోబాల్ట్ ఉన్నదైతే ఇంకా మంచిది, దీన్ని చిన్నచూపు చూడొద్దు.

కొందరు షోల్డర్ నుంచి బయటికి కొడతారు, టూల్‌ని తలకిందులుగా పెట్టి స్పిండిల్ రివర్స్‌లో తిప్పి, టూల్ చక్ నుంచి దూరంగా పోయేలా. గుద్దుకునే భయం లేదు కాబట్టి స్పీడ్ పెంచొచ్చు, ఫినిష్ చాలా బాగుంటది. అయితే చక్ స్పిండిల్ మీద మరతో బిగించే రకం అయితే ఇది చెయ్యొద్దు, రివర్స్‌లో చక్ ఊడి వస్తది.

ఆయిల్. పాలలా ఉండే కూలెంట్ నీళ్ళు చల్లబరచడానికి బాగుంటాయి గానీ తక్కువ స్పీడ్ థ్రెడింగ్‌కి కావాల్సింది జారుడు. సల్ఫర్ కలిపిన చిక్కటి కటింగ్ ఆయిల్ ఒక డబ్బా పక్కన పెట్టుకుని ప్రతి పాస్‌కీ బ్రష్‌తో రాయండి, ప్రతి పాస్ ముందు గాడిలో చిప్ ఏమీ లేకుండా చూసుకోండి. అల్యూమినియంకి కిరోసిన్. కాస్ట్ ఐరన్‌కి పొడిగానే, అక్కడ బర్ రాదు, కొనలు పెళుసుగా రాలిపోతాయి, కాబట్టి కట్‌లు సన్నగా. బ్రాస్‌కి పైన చదును సున్నా రేక్ (వెనక్కి వాలు లేకుండా) పెట్టి పదునైన టూల్‌తో కొడితే దాదాపు ఏమీ తియ్యక్కర్లేదు. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) మెత్తగా సాగుతది కాబట్టి ఈఎన్ 8 కంటే ఎంఎస్‌లోనే చిరుగు ఎక్కువ, ఇది కొత్తవాళ్ళకి వింతగా అనిపిస్తది.

ఎస్‌ఎస్ 304 వేరే లోకం. రుద్దితే గట్టిపడే మెటీరియల్, సన్న కట్‌లు వేస్తూ మధ్యలో ఆగారంటే పై పొర గట్టిపడి తర్వాతి పాస్‌కి టూల్ జారుతది, కనీసం 0.05 వెయ్యాల్సిందే. ఖాళీ పాస్‌లు తగ్గించాలి. పైగా ఎస్‌ఎస్ స్టడ్‌కి ఎస్‌ఎస్ నట్ ఎక్కిస్తే బర్ ఉన్నచోట రాపిడికి రెండూ అతుక్కుపోతాయి, సగం ఎక్కాక ఇటూ రాదు అటూ పోదు, కోసి తీయడమే. ఫార్మా కంపెనీలకి, డెయిరీలకి ఎస్‌ఎస్ ఫిట్టింగ్‌లు చేసేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు.

సీఎన్‌సీ ఉన్నవాళ్ళకి పని సులువు, ఇన్సర్ట్ సరిగ్గా ఎంచుకుంటే. 16ఈఆర్ ఏజీ60 ఒక్కటి కొంటే 0.5 నుంచి 3 పిచ్ దాకా అన్నీ కొట్టొచ్చని అదే కొంటారు, కానీ అది మన వి టూల్ లాంటిదే, కొనని ముట్టుకోదు. అదే 16ఈఆర్ 2.5 ఐఎస్ఓ అనే ఫుల్ ప్రొఫైల్ ఇన్సర్ట్ కొనని కూడా కోస్తది, దీనికి మాత్రం ఓడీ తగ్గించకూడదు, డయాలో 0.05 నుంచి 0.07 ఎక్కువ ఉంచాలి, ఆ ఎక్కువని ఇన్సర్ట్ చివర్లో తనే కోసేసి కొనని శుభ్రం చేస్తది. ఒకే పిచ్ జాబ్‌లు వందల్లో వస్తుంటే ఇది కొనండి, బర్ తీసే మనిషి పని దాదాపు పోతది. ఫానుక్ కంట్రోల్‌లో థ్రెడ్ కొట్టే కమాండ్ జీ76లో మొదటి లైన్ పీ021060 అంటే రెండు ఫినిష్ పాస్‌లు, చివర ఒక పిచ్ దూరంలో ఏటవాలుగా బయటికి రావడం, 60 డిగ్రీలు. చివరి రెండు అంకెలు సున్నా పెడితే నేరు ఫీడ్ అయిపోతది, ఎవరో పాత ప్రోగ్రామ్ కాపీ కొట్టినప్పుడు ఇది చూడరు.

ఇంత చేసినా ఒకటి మిగులుతది, మొదటి పన్ను మొదలు. చాంఫర్ మీద థ్రెడ్ మొదలయ్యే చోట పన్ను బ్లేడ్‌లా సన్నగా మొదలై మెల్లగా పూర్తి మందానికి వస్తది, ఆ సన్న భాగం ఎప్పుడో ఒకప్పుడు వంగి నట్‌ని అడ్డదిడ్డంగా పట్టిస్తది. ఫైర్ హోస్ కప్లింగ్‌లలో ఆ సన్న భాగాన్ని పూర్తిగా తీసేసి, పన్ను నేరుగా పూర్తి మందంతో మొదలయ్యేలా చేస్తారు, హిగ్బీ కట్ అంటారు. మంటల దగ్గర చీకట్లో కంగారులో బిగించినా థ్రెడ్ తప్పు పట్టకూడదు కదా. మన స్టడ్‌కి మెషిన్ ఆపి, మూడు పలకల ఆకురాయితో మొదటి పన్ను సన్న భాగం అర చుట్టు తీసేస్తే అదే పని అవుతది.

మెషిన్ ఆపి అన్నాను, అది మళ్ళీ చెప్తా. తిరుగుతున్న థ్రెడ్ మీద ఎమెరీ గుడ్డ వేలికి చుట్టి పట్టుకోవడం, బనియన్ వేస్ట్‌తో తుడవడం, గ్లవ్స్ వేసుకుని చిప్ లాగడం, ఈ మూడూ వద్దు. థ్రెడ్ గుడ్డని పట్టుకుని చుట్టేసుకుంటది, వెనకే వేళ్ళు పోతాయి. తిరుగుతుండగా ఆకురాయి వాడాల్సి వస్తే పిడి ఉన్నదే, ఎడమ చేత్తో పిడి పట్టుకుని, మోచెయ్యి చక్ మీదికి పోకుండా. బ్రష్ అయితే పొడుగు పిడి బ్రష్.

డ్రాయింగ్ ఇచ్చే ఇంజనీర్లకి ఒక విన్నపం, "బర్ ఉండకూడదు" అని ఊరికే రాయకండి, ఎంతవరకు అని చెప్పండి. ఐఎస్ఓ 13715లో దీనికి గుర్తే ఉంది, బయటి అంచుకి మైనస్ 0.3 అని ఉంటే బర్ ఉండకూడదు, అంచు 0.3 దాకా పోవచ్చు అని, ప్లస్ అంటే అంత బర్ ఉన్నా పర్లేదని. అది ఉంటే ఇన్‌స్పెక్షన్ దగ్గర వాదన ఉండదు.

లోపలి థ్రెడ్‌కి ఇదే అంతా తిరగేసి చూసుకోవాలి. బోర్ 17.294 నుంచి 17.744 మధ్య ఉండొచ్చు, 17.5 దగ్గర పెట్టుకోండి, చాంఫర్ 20 దాటించి కొట్టండి, చివర్లో బోరింగ్ టూల్‌ని మళ్ళీ 17.5 మీద ఒకసారి నడిపించి థ్రెడ్ టూల్ మళ్ళీ పంపండి. బోరింగ్ బార్ సన్నగా ఉంటే వంగుతది కాబట్టి ఇక్కడ ఖాళీ పాస్‌లు ఒకటి రెండు ఎక్కువ కావాలి. బ్లైండ్ హోల్ అయితే అడుగున అండర్‌కట్ లేకుండా మొదలుపెట్టకండి, చిప్ పోయే దారి ఉండదు. ప్లగ్ గేజ్ పెట్టేముందు లోపల కిరోసిన్ బ్రష్ తిప్పి చిప్ అంతా బయటికి తీసెయ్యండి, చిప్ ఉండగా గేజ్ తిప్పితే గేజ్ పళ్ళకే గీతలు పడతాయి, అది మళ్ళీ కాలిబ్రేషన్‌కి పంపాల్సొస్తది.